ఆదివారం డ్యూటీలో ఉన్న మీ పిల్లల గురించి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సంఘాల బిషప్పులకు, కాపరులకు, పెద్దలకు బహిరంగ లేఖ

హామిల్టన్, న్యూజిలాండ్



పెళ్లయి ఏడాదో రెండేళ్లో అయిన జంట న్యూజిలాండ్ బయలుదేరుతుంటే మీరు వాళ్లను ఆరాధనలో ముందుకు పిలుస్తారు. మోకరింపజేసి, తలల మీద చేతులుంచి, సంఘమంతా లేచి నిలబడగా ప్రార్థించి పంపుతారు. ఆ ప్రార్థన విలువ నాకు తెలుసు. విమానం ఎక్కేటప్పుడు చాలామంది పిల్లలకు ధైర్యమంటూ ఉండేది అదొక్కటే. ఆ తర్వాత ఫోన్లు మొదలవుతాయి. ఆదివారం ఆరాధన మానట్లేదు కదా? పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చిందా? మందిరం స్లాబు పనికి ఈసారి ఎంత అనుకుంటున్నారు? ఈ మూడు ప్రశ్నలూ తప్పని నేను అనను. వాటితో పాటు ఇంకొకటి కూడా అడగమని బతిమాలుకోవడానికే ఇది రాస్తున్నాను: ఈ వారం మీ ఇద్దరికీ ఒకే రోజు సెలవు దొరికిందా, దొరికితే ఆ రోజు ఏం చేశారు?

నేను బోధకురాలిని కాను. వైకాటో నది ఒడ్డునున్న ఈ ఊళ్లో, ఒక ఇంగ్లిషు సంఘం వాళ్ల మందిరాన్ని మధ్యాహ్నం పూట అద్దెకు తీసుకుని మేం జరుపుకొనే తెలుగు ఆరాధనలో వెనక వరసలో కూర్చుని, అది అయ్యాక అన్నాలు వడ్డించేదాన్ని. పిల్లలు నన్ను ఆంటీ అంటారు. వడ్డించే మనిషికి కొన్ని సంగతులు ఎవరూ చెప్పకుండానే తెలుస్తాయి. ఎవరు నిలబడే నాలుగు ముద్దలు తిని డ్యూటీకి పరుగెత్తారో, ఎవరు తమ వాటాలో సగం డబ్బాలో పెట్టించుకుని ఇంట్లో ఉన్న మనిషి కోసం తీసుకెళ్లారో, ఎవరు కొన్ని వారాలుగా ఒంటరిగానే వస్తున్నారో నేను చూస్తూనే ఉంటాను. నాలుగైదు ఇళ్లలో చూసినదాన్ని ఒకే ఇంటి కథగా మీకు చెబుతాను. పేర్లు చెప్పను. మీ సంఘం రిజిస్టరు తెరిస్తే అలాంటి పేర్లు మీకే కనిపిస్తాయి.

అమ్మాయిది గుంటూరు వైపు. నర్సింగ్ చదివింది. మన క్రైస్తవ కుటుంబాల్లో ఆడపిల్లను నర్సింగుకు పంపడం కొత్త కాదు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరులో అడుగు పెట్టిన తర్వాత ఎన్ని పేద ఇళ్లు ఆ ఉద్యోగం మీద నిలదొక్కుకున్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. అబ్బాయిది నరసాపురం పక్క పల్లె. మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు. ముందు వచ్చింది అమ్మాయి. 2023 డిసెంబరు నుంచి బయటి దేశాల నర్సులకు ఇక్కడ పద్ధతి మారింది. రాత పరీక్ష గట్టెక్కాక క్రైస్ట్‌చర్చ్ వచ్చి, రోగి ఎదురుగా ఉన్నట్టే అన్నీ చేసి చూపించాలి. ఆస్కీ అంటారు దాన్ని. ఆ పరీక్షలకూ, విమానం టిక్కెట్లకూ, ఉద్యోగం వచ్చేదాకా గది అద్దెకూ చేసిన అప్పు ఇంకా తీరుతూనే ఉంది. అబ్బాయి ఆమె వీసాను ఆధారం చేసుకుని వెనక వచ్చాడు. ఇప్పుడు ఒక సూపర్‌మార్కెట్ బేకరీలో పని.

ఆ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద రెండు కాగితాలు అంటించి ఉంటాయి. ఆమె రోస్టర్, అతని రోస్టర్. ఆమెకు మూడు రకాల షిఫ్టులు. ఉదయం ఏడింటికి మొదలయ్యేది ఒకటి, మధ్యాహ్నం మూడింటి నుంచి రాత్రి పదకొండు దాకా ఒకటి, పదకొండు నుంచి తెల్లారి ఏడు దాకా ఒకటి. అతను తెల్లవారుజామున నాలుగింటికల్లా బేకరీలో ఉండాలి. కాబట్టి తొమ్మిదింటికే పడుకోవాలి. ఆమె మధ్యాహ్నం షిఫ్టు ముగించుకుని పదకొండున్నరకు తలుపు తీసేటప్పటికి అతను గాఢ నిద్రలో ఉంటాడు. అతను మూడుంబావుకు లేచేటప్పటికి ఆమె కళ్లు అప్పుడే మూతపడి ఉంటాయి. అలా వరసగా ఐదు రోజులు సాగితే, ఒకే మంచం మీద పడుకునే ఇద్దరు మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే వారం గడిచిపోతుంది. ఉన్నది ఒక కారు. రాత్రిపూట ఒంటరిగా వచ్చేది ఆమె కాబట్టి కారు ఆమెకు. అతను సైకిలు మీద వెళ్తాడు. జూన్, జూలైల్లో ఈ ఊళ్లో పొగమంచు కమ్ముకుంటుంది. చేతి తొడుగుల్లోంచి కూడా వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ చలిలో ఆ పిల్లాడు తొక్కుకుంటూ వెళ్లేటప్పుడు అతని తల్లి ఊళ్లో రాత్రి భోజనాలయ్యాక నిద్రకు సిద్ధమవుతూ ఉంటుంది.

కుటుంబ ప్రార్థన చేసుకుంటున్నారా అని మీరు అడుగుతారు. చేసుకుంటున్నారు, కానీ మీరు అనుకునే పద్ధతిలో కాదు. అతను బేకరీకి బయలుదేరే ముందు వంటింట్లో నిలబడి ఒక కీర్తన చదివి, ఆ రోజు ఆమె చూసుకోబోయే రోగుల కోసం రెండు మాటలు ప్రార్థించి, ఫోన్లో రికార్డు చేసి పంపుతాడు. ఆమె ఆరున్నరకు కారులో అది వింటుంది. రాత్రి బ్రేకులో ఆమె తన ప్రార్థన రికార్డు చేసి పంపుతుంది. అతను లేచాక వింటాడు. రెండు వేర్వేరు వేళల్లో, ఒకరు నిద్రలో ఉండగా ఇంకొకరు చేసే ఈ ప్రార్థన ఒక బలిపీఠమేనని నేను నమ్ముతున్నాను.

మన దేశంలో రాత్రి ఎనిమిదింటికి మీరు పెట్టే ఆన్‌లైన్ ఉపవాస ప్రార్థన ఇక్కడ వేసవిలో తెల్లవారుజామున మూడున్నర. చలికాలంలో రెండున్నర. ఆ వేళకు లింకు నొక్కని వాళ్లను చల్లారిపోయారని అనకండి.

ఇక ఆదివారం సంగతి. ఈ దేశంలో 1990 నాటి చట్టంతో దుకాణాలు ఆదివారం కూడా తెరుచుకుంటున్నాయి. ఆస్పత్రికి ఎప్పుడూ ఆదివారమంటూ లేదు. 2023 జనాభా లెక్కల్లో నూటికి 32 మంది మాత్రమే తాము క్రైస్తవులమని రాసుకున్నారు. సగానికి పైగా, నూటికి దాదాపు 52 మంది, ఏ మతమూ లేదన్నారు. రోస్టర్ వేసే వ్యక్తికి ఆదివారం మీద ప్రత్యేకమైన గౌరవం ఉంటుందని ఆశించలేం. వింత ఏమిటంటే పునరుత్థాన ఆదివారం ఇక్కడ ప్రభుత్వ సెలవు కాదు. గుడ్ ఫ్రైడే సెలవే, ఈస్టర్ సోమవారం సెలవే, మధ్యలో ఉన్న ఆదివారం మాత్రం కాదు. అయినా ఆ రోజు చాలా దుకాణాలు మూసి ఉండాలని చట్టం. 2016 సవరణ తర్వాత కొన్ని ఊళ్ల కౌన్సిళ్లు తెరవడానికి అనుమతిచ్చాయి. అక్కడ కూడా దుకాణంలో పనిచేసే మనిషి ఈస్టర్ ఆదివారం పనికి రానని చెప్పవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. మిగతా ఆదివారాల విషయానికి వస్తే, 1993 మానవ హక్కుల చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. ఒక మనిషి విశ్వాసం ఒక ఆచారాన్ని కోరితే, పనికి మరీ ఆటంకం కలగనంత వరకు యజమాని దానికి వీలు కల్పించాలి. పని వేళలు మార్చమని రాతపూర్వకంగా అడిగే హక్కు కూడా ఉంది. అడిగితే నెలలోగా జవాబు చెప్పాలి.

ఈ సంగతులు మన పిల్లల్లో చాలామందికి తెలియవు. వచ్చిన కొత్తలో అడిగితే ఉద్యోగం పోతుందేమో, వీసాకు ఇబ్బందేమో అని భయం. మన అబ్బాయి ఏడాది దాకా నోరు మెదపలేదు. చివరికి ఒక రోజు మేనేజరుకు కాగితం రాసి ఇచ్చాడు. నెలలో రెండు ఆదివారాలు మధ్యాహ్నానికల్లా వదలడానికి ఆ మేనేజరు ఒప్పుకుంది. అమ్మాయికి అలా కుదరదు. ఆమె వెళ్లకపోతే ఆ వార్డులో ఇంకొకరు రెండు షిఫ్టులు చేయాలి. నెలకు ఒకటో రెండో ఆదివారాలు ఆమె ఆరాధనకు రాగలుగుతుంది. మిగతా ఆదివారాల్లో ఎవరి తల్లినో తండ్రినో ఒత్తిగిలేలా చేసి వీపుకు నూనె రాస్తుంటుంది. మీ హాజరు పట్టీలో అది ఖాళీ గడి.

ఆమె చెప్పిన ఒక సంగతి మీతో పంచుకోవాలి. ఆ ఆస్పత్రిలో కొన్ని సమావేశాలు కరాకియాతో మొదలవుతాయి. అది మావోరి ప్రార్థన. కొత్తగా చేరినప్పుడు ఒక్కొక్కరూ తమ కొండ పేరు, తమ నది పేరు చెప్పి పరిచయం చేసుకున్నారట. ఈమె వంతు వచ్చినప్పుడు కొండవీడు, కృష్ణ అని చెప్పింది. పక్కనున్న మావోరి నర్సమ్మ ఆ రెండు పేర్లనూ మెల్లగా పలికి చూసి, తన నది పేరు మళ్లీ చెప్పిందట. పరాయి దేశంలో తనను ఎవరో ఊరి పేరుతో పిలిచినట్టు అనిపించి ఏడుపొచ్చిందని నాతో అంది. విశ్వాసం తగ్గిపోయే చోటుకు పిల్లల్ని పంపామని మీరు బెంగపడుతుంటారు. ఆమెకు పనిచేసే చోటే తల వంచి ప్రార్థించే మనుషులు దొరికారు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న చోటికి వస్తాను. ఇద్దరికీ కలిసి సెలవు దొరికిన రోజు. మొన్నామధ్య అది మంగళవారం పడింది.

వాళ్లు పొద్దున్నే రాగ్లన్ వెళ్లారు. పడమటి తీరం, ఇక్కడికి ముప్పావుగంట దారి. అబ్బాయి గోదావరి గట్టున పుట్టినవాడు, గాలం పట్టడం నడకతో పాటే నేర్చినవాడు. సముద్రంలో సరదాగా చేపలు పట్టడానికి ఈ దేశంలో లైసెన్సు అక్కర్లేదు. కానీ పట్టింది అమ్మకూడదు. ఎన్ని పట్టవచ్చో, ఎంత పొడుగుంటే ఉంచుకోవచ్చో లెక్కలుంటాయి. ఆ తీరంలో స్నాపర్ 27 సెంటీమీటర్లకు తక్కువుంటే తిరిగి నీళ్లలో వదిలేయాలి. అతను చేప దొరకగానే తడి చేత్తో పట్టుకుని, కొలబద్ద మీద ఆనించి చూసి, చిన్నదైతే ముందు తల నీళ్లలో మునిగేలా వదులుతాడు. ఎవరూ చూడని చోట కూడా అలాగే చేస్తాడు. పిల్లవాడి నిజాయితీ గురించి నాకు ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. ఆమె గట్టు మీద దుప్పటి పరుచుకుని, సెకండ్‌హ్యాండ్ పుస్తకం చదువుతూ, మధ్యమధ్య ఫ్లాస్కులోంచి టీ పోస్తూ కూర్చుంది. కెరటాలు కొట్టే రాళ్ల మీదికి వెళ్లొద్దని అతన్ని మందలించేదీ ఆమే. ఆ తీరంలో రాళ్ల మీంచి చేపలు పడుతూ కొట్టుకుపోయిన వాళ్లున్నారు. లైఫ్ జాకెట్ లేకుండా అతన్ని కదలనివ్వదు.

ఇంటికొచ్చి చేపల పులుసు పెట్టుకున్నారు. పెరట్లో ప్లాస్టిక్ గుడారం కింద ఆమె వేసిన గోంగూర ఉంది. ఇక్కడ అక్టోబరు ఆఖర్లో లేబర్ డే సెలవుల దాకా మొక్కలు నాటడానికి నేల వెచ్చబడదు. ఆ తర్వాత వేసిన గోంగూర జనవరికల్లా కోతకు వస్తుంది. పక్కింటి ముసలి దంపతులకు ఒక చేప ఇచ్చారు. ఆ ఇంటి నుంచి శరదృతువులో సంచుల కొద్దీ ఫీజోవా పళ్లు వస్తాయి. సాయంత్రం అతను పాత కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఆమె ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచింది. ఇద్దరికీ వచ్చిన పాటలు పాడుకున్నారు. తొమ్మిదింటికి పడుకున్నారు, ఇద్దరూ ఒకే వేళకు.

ప్రతి శనివారం పొద్దున ఎనిమిదింటికి ఈ ఊళ్లోని రోటోరోఆ చెరువు చుట్టూ ఐదు కిలోమీటర్ల పరుగుంటుంది, పార్క్‌రన్ అంటారు. ఎవరైనా రావచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. కుదిరిన వారాల్లో వీళ్లు వెనకాల నడిచే గుంపులో ఉంటారు. కొన్నిసార్లు ఆప్ షాపుల్లో తిరుగుతారు. పాత వస్తువులు అమ్మి, వచ్చిన డబ్బు సేవకు వాడే దుకాణాలవి. పువ్వుల అంచున్న పింగాణీ ప్లేట్లు ఒక్కొక్కటీ వేర్వేరు దుకాణాల్లో వెతికి జత చేయడం ఆమె సరదా. ఈ దేశమంతా కొండల్లో ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ శాఖ వాళ్ల గుడిసెలు తొమ్మిది వందలకు పైగా ఉన్నాయి. వీపు మీద సంచి వేసుకుని నడిచి వెళ్లి, రాత్రికి అక్కడ పడుకుని రావచ్చు. ట్రాంపింగ్ అంటారు. నాలుగు రోజుల సెలవు ఎప్పుడైనా కలిసొస్తే అలా వెళ్లాలని వాళ్ల కోరిక. అది ఇంకా కలిసి రాలేదు.

మంగళవారం చేపలతో దిగిన ఫొటోను అబ్బాయి తన ఊరి సంఘం గ్రూపులో పెట్టాడు. కాసేపటికి ఒక పెద్దాయన జవాబు పెట్టాడు. ఆత్మలను పట్టే జాలరులు కావలసినవాళ్లు లోకపు సరదాల్లో పడ్డారనీ, దేవుడు ఇచ్చిన సమయానికి లెక్క చెప్పాలనీ. కింద ఆమెన్ల వరస. అబ్బాయి ఫొటో తీసేశాడు. ఆ తర్వాత మా ఇంటికి వచ్చి, "ఆంటీ, నిజంగానే మేం తప్పుదారిలో ఉన్నామంటారా?" అని అడిగాడు. ఏడాదిగా చీకట్లో సైకిలు తొక్కుతున్న బిడ్డ ఒక్క పగలు గాలం పట్టుకున్నందుకు ఆ ప్రశ్న అడిగాడు. ఈ ఉత్తరం ఆ రోజే నా మనసులో మొదలైంది.

అయ్యగారూ, ఈ దేశపు క్రైస్తవ చరిత్రలో ఒక యువ జంట ఉంది. హెన్రీ విలియమ్స్, మేరియన్. 1823 ఆగస్టులో ముగ్గురు చిన్న పిల్లలతో ఈ దేశపు ఉత్తర తీరంలో దిగి, పైహియాలో స్థిరపడ్డారు. అతనికి 31 ఏళ్లు, ఆమెకు 29. అతను అంతకు ముందు ఇంగ్లండు నౌకాదళంలో పనిచేసినవాడు. మొదట వాళ్లు కాపురం పెట్టింది రెల్లు కప్పిన గుడిసెలో. ఆమె పిల్లలను కంటూ, పెంచుతూ, వండుతూ, రోగులకు మందులిస్తూ, ఆడపిల్లలకు బడి నడిపింది. అంతటి పనిలోనూ ఇంటికి ఉత్తరాలు రాసింది. ఆనాటి రోజువారీ బతుకు ఇవాళ మనకు తెలుస్తున్నది చాలా వరకు ఆ ఉత్తరాల వల్లే. అతను తీరంలోనే ఓడ కట్టి 1826 జనవరిలో నీళ్లలోకి దించాడు. తర్వాతి కాలంలో మిషనరీల భూముల కొనుగోళ్ల మీద పెద్ద వివాదాలే నడిచాయి, అవి నేను మరుగుపరచను. కానీ ఈ విలియమ్స్ అయ్యగారే 1832 డిసెంబరులో, బడి పిల్లల పరీక్షలు అయ్యాక వాళ్లను క్రికెట్ ఆడుకోవడానికి పంపి, బాగా బౌలింగ్ చేస్తున్నారని తన దినచర్యలో రాసుకున్నాడు. న్యూజిలాండ్‌లో క్రికెట్ గురించి దొరికే మొదటి రాత అదే అంటారు. మూడేళ్లకు, 1835 డిసెంబరులో, చార్లెస్ డార్విన్ వైమాతే మిషనుకు వెళ్లాడు. మిషనరీలు మరీ కఠినులని అప్పట్లో ఒక నింద ఉండేది. సాయంత్రం మావోరి కుర్రాళ్లతో కలిసి ఒక మిషనరీ కొడుకు హుషారుగా క్రికెట్ ఆడుతుండటం చూసి డార్విన్‌కు ముచ్చటేసింది, ఆ మాట రాసి పెట్టాడు. ఓడ కట్టడం, బడి నడపడం, వాక్యం చెప్పడం, పిల్లలను ఆటకు వదలడం ఆ కాపురాల్లో కలిసే సాగాయి.

మన నేల మీద కూడా అంతే. 1836లో మిషనరీ గ్రోవ్స్ వెంట మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు యువ జంటలే. వాళ్లు మచిలీపట్నం మీదుగా నరసాపురం, పాలకొల్లు చేరి ఏళ్ల తరబడి ఆ పల్లెల్లో కాపురాలు చేశారు. ఆ అబ్బాయి తాతల సంఘం ఆ కాపురాల నుంచి పుట్టిందే. డోర్నకల్‌లో బిషప్ అజరయ్య గారు కోత పండుగను, పల్లె పాటను, నాటకాన్ని సంఘంలోకి ఆదరించి తెచ్చుకున్నారు. పల్లె మనుషులు సంతోషించే పద్ధతిలోనే దేవుణ్ణి స్తుతించవచ్చని ఆయనకు తెలుసు.

వాక్యం మీకు నేను నేర్పేదాన్ని కాను. గుర్తు చేసుకునే స్వేచ్ఛ మాత్రం తీసుకుంటున్నాను. విశ్రాంతి దినపు ఆజ్ఞలో ఇంటి యజమానితో పాటు దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, చివరికి ఆ ఊళ్లో ఉన్న పరదేశి కూడా ఉన్నారు. మన పిల్లలు ఇప్పుడు ఆ పరదేశులు. అలసి చెట్టు కింద పడుకుని చావు కోరుకున్న ఏలీయాను దేవుడు మొదట మందలించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె పెట్టాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. పని ఆ తర్వాత చెప్పాడు. పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రపు ఒడ్డున నిప్పులు చేసి, చేప కాల్చి, రాత్రంతా వల వేసి అలసిపోయిన శిష్యులను భోజనానికి పిలిచాడు. వాళ్లను చేపలు పట్టబోయినందుకు గద్దించినట్టు ఆ అధ్యాయంలో లేదు.

ఈ పిల్లల గురించి మీరు వర్తమానం ఇవ్వాలనుకుంటే అపొస్తలుల కార్యాల్లో ఒక జంట ఉంది. అకుల, ప్రిస్కిల్ల. రోము నుంచి యూదులు వెళ్లిపోవాలన్న చక్రవర్తి ఆజ్ఞతో కొరింథు చేరిన వలస దంపతులు. డేరాలు కుట్టే పని. పౌలుకు తమ ఇంట్లో చోటిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని పని చేశారు. అపొల్లోకు మార్గాన్ని ఇంకా వివరంగా చెప్పారు. తమ ఇంటినే సంఘంగా మార్చారు. అన్నిచోట్లా ఆ ఇద్దరి పేర్లూ కలిసే వస్తాయి. కొన్నిచోట్ల ఆమె పేరే ముందు వస్తుంది.

దీని మీద నేను కాస్త ఎక్కువ మాట్లాడాలి. మన పెళ్లిళ్లలో పురుషుడు శిరస్సు అని బోధించి పంపుతారు. ఇక్కడికి వచ్చాక వీసా ఆమెది, పెద్ద జీతం ఆమెది, ఇంటి అద్దె కాగితం మీద మొదటి సంతకం ఆమెది. అబ్బాయి ఇంజనీరింగు పట్టా ట్రంకు పెట్టెలో ఉంది. చట్టం ప్రకారం గంటకు ఇవ్వాల్సిన కనీస వేతనం 2025 ఏప్రిల్‌లో 23 డాలర్ల 50 సెంట్లు అయింది. అతని జీతం కనీస వేతనానికి కాస్త పైన. నేను చూసిన ఇళ్లలో పోట్లాటలు డబ్బు తక్కువై మొదలవలేదు. అబ్బాయి ఊరికి ఫోన్ చేసినప్పుడు తండ్రో, కాపరో "నువ్వేం చేస్తున్నావురా, అంతా కోడలి సంపాదనేనా" అన్న మాట దగ్గర మొదలయ్యాయి. ఒక ఇంట్లో ఆ మాట తర్వాత నెలరోజులు వంటింట్లో పలకరింపులు లేవు. మన అబ్బాయి మాత్రం ఆమె రాత్రి షిఫ్టు చేసి వచ్చేసరికి బట్టలు ఉతికి ఆరేసి, వేడి జావ పెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టి గది చీకటి చేసి ఉంచుతాడు. శిరస్సు అంటే ఏమిటో ఆ గదిలో నాకు అర్థమైంది. ఈ సంగతి మీరు పెళ్లి ప్రకటనలు చదివే మూడు ఆదివారాల్లోనే, పెళ్లికి ముందు ఆ ఇద్దరినీ కూర్చోబెట్టుకుని చెప్పాలి. షిఫ్టులంటే ఏమిటో, ఇంటి పని ఎవరు చేస్తారో, ఎవరి అప్పు ఎవరు తీర్చాలో, ఊరికి నెలకు ఎంత పంపాలో అక్కడే మాట్లాడించండి. పెళ్లికి కట్నం తీసుకుని, ఆపైన ఆమె జీతం మీద ఆశ పెట్టుకునే తల్లిదండ్రులను కూడా అదే గదిలోకి పిలవండి. మీరు చెబితే వింటారు. మేం చెబితే వినరు.

డబ్బు గురించి ఒకే మాట. డాలరును యాభైతో గుణించి జీతం లెక్కగట్టే వాళ్లు, అద్దెనూ, కూరగాయలనూ, కారు ఇన్సూరెన్సునూ, పంటి డాక్టరు బిల్లునూ కూడా అదే యాభైతో గుణించాలి. దశమ భాగం ఇచ్చే పిల్లలు ఇస్తూనే ఉన్నారు. ఇవ్వలేని నెలలో వాళ్ల పేరు మైకులో చదవకండి.

నేను అడిగేవి పెద్దవి కావు. విదేశాల్లో ఉన్న పిల్లల కోసం ప్రార్థన పెట్టదలిస్తే శనివారం మీకు మధ్యాహ్నం రెండింటికి పెట్టండి. మాకు అప్పుడు వేసవిలో తొమ్మిదిన్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. డ్యూటీ లేనివాళ్లు రాగలరు. రాలేనివాళ్లు తర్వాత వినడానికి రికార్డు చేసి పెట్టండి. యవ్వనస్థుల సభల్లో లోకం, పాపం అని చెప్పేటప్పుడు తాగుడును, జూదాన్ని, పరస్త్రీని, అబద్ధపు కాగితాలతో వీసా తెచ్చుకోవడాన్ని పేరు పెట్టి ఖండించండి. ఇక్కడ ఆన్‌లైన్ బెట్టింగులో జీతాలు పోగొట్టుకున్న పిల్లలున్నారు, వాళ్లకు మీ గద్దింపు కావాలి. కానీ అదే వరసలో గాలాన్ని, క్రికెట్టును, కొండ నడకను, పూలమొక్కను కలపకండి. ఇంకా చెప్పాలంటే, జంటలకు ఏదో ఒక సరదా పని కలిసి చేసుకోమని మీరే చెప్పండి. పాడటమో, మొక్కలో, వడ్రంగమో, నడకో. ఒంటరితనం వల్ల తాగుడులోకి జారిన కుర్రాణ్ణి వెనక్కి తీసుకురావడానికి మేం ఎన్ని రాత్రులు కూర్చున్నామో నాకు తెలుసు. శనివారం పార్కులో క్రికెట్ ఆడే గుంపులోకి అతన్ని చేర్చాక, ఆ గుంపులో ఒక అన్న అతన్ని ఆరాధనకు తీసుకొచ్చాడు.

మీలో చాలామంది ఆక్లాండులో సువార్త సభలకు వస్తున్నారు. ఈసారి వచ్చినప్పుడు సభల మధ్య ఒక రోజు ఖాళీ ఉంచుకుని హామిల్టన్ రండి. ఆక్లాండు నుంచి తే హుయా రైలు ఉంది. ఆ రోజు ఎవరి ఇంట్లోనూ కూటం పెట్టొద్దు, కానుకల పళ్లెం తేవొద్దు. ఆ పిల్లలతో రాగ్లన్ గట్టు మీద కూర్చోండి, అతను చేప కొలిచి వదలడం చూడండి, ఆమె పోసిన టీ తాగండి. చివర్లో చిన్న ప్రార్థన చేయండి, చాలు. గాలి ఎక్కువ, స్వెటర్ తెచ్చుకోండి. తేదీలు మాత్రం ముందుగా తెలపండి. రోస్టర్లు కొన్ని వారాల ముందే వచ్చేస్తాయి. ఎవరికి ఏ రోజు సెలవుందో చూసి, మీ సంఘం పిల్లలు ఇక్కడ ఎవరున్నారో కనుక్కుని, నేను మీకు తిరిగి రాస్తాను.

ఇట్లు,
హామిల్టన్ తెలుగు ఆరాధనలో అన్నం వడ్డించే సహోదరి